లేని చిరునామాకు వచ్చిన జవాబు

రేడియో ముల్లును త్రిప్పుచున్నపుడు ఒక స్టేషనుకును మఱియొక స్టేషనుకును నడుమ కొంత ఖాళీ చోటు తగులును. అచ్చట పాట లేదు, మాట లేదు. గరగరమను చప్పుడు మాత్రమే వినవచ్చును. ఆ చప్పుడు చెవికింపైనది కాదు. అయినను అది శ్రోతకొక నిజమును చెప్పుచున్నది: ఇచ్చట స్టేషను లేదు, ముల్లును ఇంకను త్రిప్పవలెను అని. ఇప్పుడొక సంగతి ఊహింతము. ఆ రేడియోను అమ్మిన వర్తకుడు అట్టి ఖాళీ చోటులన్నిటను తన ప్రకటనలను నింపియుంచెననుకొందము. ముల్లు ఎచ్చట నిలచినను ఏదో యొక సబ్బు గొప్పయో, తలనూనె మహిమయో వినబడుచునే యుండును. అపుడు ఏది స్టేషనో ఏది కాదో తెలిసికొనుటకు వినువారికి దారియే లేకపోవును. రేడియోలో ఇట్టి వింత జరుగలేదు గాని, ఇంటర్నెట్టులో నిజముగానే జరిగినది. ఒక దేశమున గాదు, పలు దేశములలో జరిగినది. చిరునామాలో ఒక అక్షరము తప్పినవారిని ప్రకటనల పుటకు మఱలించి ధనమార్జించిన ఆ వ్యాపారమును గూర్చి నేడు మేము మీతో ముచ్చటింపదలచినాము.

ముందుగా చిరునామాల సంగతి. ఇంటర్నెట్టులోని యంత్రములు ఒకదానినొకటి అంకెలతో గుర్తించును. మనుష్యులకు అంకెలు గుర్తుండవు, పేర్లు గుర్తుండును. కావున పేరు చెప్పగనే అంకెను తెలుపు ఏర్పాటొకటి కావలసివచ్చినది. తొలినాళ్ళలో అమెరికాలోని అర్పానెట్ అను వలయందు కొలది యంత్రములే యుండెడివి. వాని పేర్లన్నియు ఒకే పట్టికలో వ్రాసి, కాలిఫోర్నియాలోని ఎస్.ఆర్.ఐ. అను పరిశోధన సంస్థవారు ఆ పట్టికను కాపాడుచుండిరి. యంత్రములు పెరిగిన కొలదియు ఆ పట్టిక మోయరాని బరువైనది. 1983లో పాల్ మొకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు డొమైన్ నేమ్ సిస్టమ్ అను క్రొత్త ఏర్పాటును రూపొందించెను. అందరి పేర్లను ఒకచోట పోగుచేయ నక్కఱలేదు. ఎవరి పేటలోని పేర్లను వారే కాపాడుకొనవలెను. అడిగినవారికి మెట్టు మెట్టుగా దారి చూపవలెను. ఇదియే దాని సారము.

మనము బ్రౌజరులో ఒక పేరు వ్రాయగనే ఆ ప్రశ్న సాధారణముగా మనకు ఇంటర్నెట్ సదుపాయమిచ్చు సంస్థవారి సర్వరునకు చేరును. జవాబు దానికి ముందే తెలిసియుండనిచో అది మూల సర్వరును అడుగును. 'కామ్'తో ముగియు పేర్లను కాపాడువారు ఫలానాచోట నున్నారని మూల సర్వరు చెప్పును. వారిని అడిగినచో, మీరు కోరిన పేరు ఫలానావారి యధీనమున నున్నదని చెప్పుదురు. తుదకు వారి సర్వరు అంకెను ఇచ్చును. ఊరు తెలియక వచ్చిన బాటసారికి మొదట జిల్లా, పిదప మండలము, పిదప వీధి, ఆ పిదప ఇల్లు చూపినట్లే ఇదియును. ఇదంతయు ఱెప్పపాటు కాలములో ముగియుచున్నందున మనకు తెలియరాదు.

ఈ ఏర్పాటులో 'ఉన్నది' అను జవాబునకు ఎంత విలువ కలదో 'లేదు' అను జవాబునకును అంత విలువ కలదు. అడిగిన పేరు లేనిచో, లేదని చెప్పుటకు నియమములలోనే ఒక ప్రత్యేక సంజ్ఞను ఏర్పఱచిరి. 1987లో వెలువడి నేటికిని మూలాధారముగా నున్న నియమపత్రములలో జవాబుల సంజ్ఞలకు సంఖ్యలు గలవు. అందు 3వ సంఖ్యకు 'ఆ పేరు లేదు' అని అర్థము. చిరునామాదారు దొరకనపుడు తపాలా జవాను ఆ మాట కవరుపై వ్రాసి, పంపినవారికే త్రిప్పిపంపును గదా, అట్టిదే ఇది. త్రిప్పివచ్చిన కవరును చూచి మనము ఇంటి నంబరు సరిచూచుకొందుము. ఆ జవానే దానిని త్రిప్పిపంపక, తనకు కమీషను ఇచ్చు అంగడివాని చేతబెట్టినచో మనకెట్లుండును? ఉత్తరము చేరలేదను సంగతియైనను మనకు తెలియదు గదా!

2003వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఇట్టి పని మిక్కిలి పెద్ద యెత్తున జరిగినది. 'కామ్', 'నెట్' అను రెండు పేటల పట్టికలను కాపాడు బాధ్యత అమెరికాలోని వెరిసైన్ అను సంస్థది. అవి లోకమంతయు వాడుకొను పట్టికలు. ఆ సంస్థ ఆ నాడు తన పట్టికలలో ఒక నక్షత్రపు గుర్తును చేర్చినది. పట్టికలో లేని యే పేరు అడిగినను ఈ యొక్క అంకెనే యిమ్మని ఆ గుర్తునకు అర్థము. ఆ అంకె వెరిసైన్ వారి 'సైట్ ఫైండర్' అను పుటకు దారితీయును. అందు 'మీరు వెదకునది ఇదియా?' అను సూచనలును, రుసుము చెల్లించిన వర్తకుల లింకులును ఉండెను. ఆ క్షణము మొదలుకొని ఆ రెండు పేటలలో 'లేదు' అను మాటయే వినబడకపోయినది. ఎవరు ఎట్టి అర్థము లేని అక్షరములను కూర్చి అడిగినను 'ఉన్నది' అనియే జవాబు.

అక్షరము తప్పినవానికి దారి చూపుటలో దోషమేమని ఆ సంస్థవారు వాదించిరి. పైకి చూచిన ఈ వాదము సబబుగానే తోచును. బ్రౌజరు ముందు కూర్చున్నవాడు పొడిగా 'లేదు' అను మాట చూచుటకంటె నాలుగు సూచనలు చూచుట మేలనుకొనవచ్చును. కాని ఇంటర్నెట్టు అనగా బ్రౌజరొక్కటియే కాదు. ఈమెయిలు కలదు, కార్యాలయములలోని ప్రింటర్లు కలవు, మనిషి చేయి తగులకయే రాత్రింబవళ్ళు పనిచేయు ప్రోగ్రాములు వేలకొలది కలవు. అవి యన్నియు ఆ పట్టికలనే అడుగును. వానికి కన్నులు లేవు. సూచనల పుటను చదువలేవు. 'ఉన్నది' అన్న ఉన్నదనియు, 'లేదు' అన్న లేదనియు నమ్మి మసలుకొనుటయే వానికి తెలిసిన విద్య.

అందువలన కలిగిన చిక్కులను కొన్నిటిని చెప్పెదము. ఆ కాలమున అనేక ఈమెయిలు సర్వరులు, పంపినవారి చిరునామాలోని పేరు అసలు కలదో లేదో అడిగి, లేనిచో ఆ జాబును దొంగజాబుగా నిరాకరించుచుండెడివి. పేర్లన్నియు ఉన్నవైపోయిన పిదప ఆ పరీక్ష పనికిరాకపోయినది. ఇంకొకటి: ఈమెయిలు చిరునామాలో అక్షరము తప్పినచో, అంతకుముందు ఆ పేరు లేదని పంపినవారికి వెంటనే తెలియుచుండెను. ఇప్పుడా జాబు వెరిసైన్ వారి యంత్రము తలుపు తట్టినది. ఆ యంత్రము జాబును పుచ్చుకొనక నిరాకరించుచుండెను, నిజమే. అయినను ఎవరు ఎవరికి వ్రాయుచున్నారను సంగతి నిరాకరించుటకు ముందే దానికి తెలిసిపోవుచుండెను. మూడవది మనవంటివారికి ముఖ్యమైనది. పేరు లేదని చెప్పు మాటను అంతవరకు ఎవరి బ్రౌజరు వారి భాషలో చెప్పుచుండెను. జపాను వారికి జపాను భాషలోను, ఫ్రెంచివారికి ఫ్రెంచిలోను వచ్చుచుండిన ఆ మాటకు బదులు లోకమంతటికిని ఒకే ఇంగ్లీషు పుట ఎదురైనది. ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు ఆ సెప్టెంబరులోనే వెలువరించిన వ్యాఖ్యలో ఈ దోషములను విడమరచి చెప్పినది.

నిపుణులు ఊరకుండలేదు. పేర్ల సర్వరులలో విరివిగా వాడుకలో నున్న 'బైండ్' అను ప్రోగ్రామును నిర్మించువారు కొలది దినములలోనే దానికొక సవరణను సిద్ధము చేసిరి. ఆ నక్షత్రపు జవాబును లెక్కింపక, లేని పేరును లేదనియే చెప్పుట ఆ సవరణ పని. దానిని పలు సంస్థలు తమ సర్వరులలో చేర్చుకొనినవి. ఇంటర్నెట్టు పేర్ల వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్ అను సంస్థ సెప్టెంబరు 19న ఆ సేవను తమంతట తామే నిలిపివేయుడని కోరినది. వెరిసైన్ వారు వినలేదు. అక్టోబరు 3న ఐకాన్ కఠినముగా తాఖీదు పంపగా, మఱునాడు, అనగా అక్టోబరు 4న, సైట్ ఫైండర్ మూతబడినది. 2004 ఫిబ్రవరిలో వెరిసైన్ వారు ఐకాన్‌పై వ్యాజ్యము వేసిరి. 2006లో ఇరువురును రాజీపడిరి. పందొమ్మిది దినములు మాత్రమే నడచిన ఆ సేవను గూర్చి సంవత్సరముల తరబడి తర్కము సాగినది.

ఇంతటితో ఆ వ్యాపారము ముగిసినదనుకొనుట పొరపాటు. పట్టికను కాపాడువారు చేయరానిదని తేలిన పనిని, పట్టికను చదివి మనకు వినిపించువారు, అనగా ఇంటింటికి ఇంటర్నెట్ సదుపాయమిచ్చు సంస్థలు, చేపట్టినవి. పట్టికలో 'లేదు' అని సరిగనే యుండును. ఆ మాట నడిమి సర్వరునకు సరిగనే చేరును. కాని అది ఆ మాటను మ్రింగివేసి, మనకు మాత్రము ఒక ప్రకటనల పుట అంకెను అందించును. అమెరికాలో ఎర్త్‌లింక్ 2006లోను, కామ్‌కాస్ట్ 2009లోను, కెనడాలో రోజర్స్ 2008లోను, జర్మనీలో డాయిచె టెలికామ్ 2009లోను ఇట్టి ఏర్పాట్లు చేసినవి. ఈ పనికై ప్రత్యేకముగా వెలసిన దళారీ సంస్థలును కలవు. లింకును నొక్కినపుడెల్ల వర్తకుడు చెల్లించు పైకమును దళారీయు, ఇంటర్నెట్ సంస్థయు పంచుకొనును. నెలనెలకు చందా చెల్లించుచున్న వాడుకదారు చేతి పొరపాటే ఈ వ్యాపారమునకు పెట్టుబడి.

దేశముల పేటలలోను ఈ పోకడ కనబడినది. 'కామ్' అను మాటను ఇంగ్లీషున వ్రాయునపుడు నడిమి 'ఓ' అక్షరము జారినచో మిగులునది ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు పేట గుర్తు. 2006లో ఆ పేటయందును నక్షత్రపు గుర్తు వెలసినది. లోకమున ఏ మూలనైనను, ఏ ప్రసిద్ధ సంస్థ పేరు వ్రాయుచున్నను, ఆ యొక్క అక్షరము జారినవారు ప్రకటనల పుటకు చేరుచుండిరి.

ఇందు ఆర్థికమైన ఆశ ఒక్కటియే కాక, అపాయమొకటి దాగియున్నదని 2008 ఏప్రిల్‌లో డాన్ కమిన్‌స్కీ అను భద్రతా నిపుణుడు చూపెను. దానిని వివరింపవలెనన్న మన ఇంటిపేర్ల సామ్యము చాలును. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. ఇంటర్నెట్టు చిరునామాలో అది చివర వచ్చును. ఒక బ్యాంకు పేరు చివరనుండి, దాని ముందు ఏ చిన్న పేరు తగిలించినను, అది ఆ బ్యాంకు ఇంటి మనిషియే యని బ్రౌజరు భావించును. ఇంటివారికి చూపు చనువును కొంత దానికిని చూపును. ఆ చిన్న పేరు నిజముగా లేనిదైనచో 'లేదు' అని జవాబు రావలెను. కాని ఎర్త్‌లింక్ వారి దళారీ సంస్థ అట్టి పేర్లకును తన పుటనే చూపించుచుండెను. అనగా బ్యాంకు ఎఱుగని అపరిచితుడొకడు బ్యాంకు ఇంటిపేరుతో తిరుగుచున్నాడన్నమాట. ఆ దళారీ పుటలో ఒక లోపముండెను. దాని ద్వారా దుండగుడు తన ప్రోగ్రామును జొప్పించి, ఏ ప్రసిద్ధ సంస్థ పేరుతోనైనను వాడుకదారుని మోసగించు వీలుండెనని కమిన్‌స్కీ నిరూపించెను. లోపమును సరిదిద్దిరి. అయినను ఆ బ్యాంకు తన ఇంటికి ఎన్ని తాళములు వేసికొన్నను, తాను ఎఱుగని దళారీ అజాగ్రత్తవలన దాని ఖాతాదారులకు ముప్పు కలుగవచ్చునని లోకమునకు తెలిసినది.

అబద్ధమును కనిపెట్టుటకును ఖర్చు కలదు. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు తానున్న వలలో 'లేదు' అను మాట నిజాయితీగా వచ్చునో రాదో తెలిసికొనుటకై, మొదలైనపుడెల్ల అర్థము లేని మూడు పేర్లను తానే కల్పించి అడుగుచుండెను. అవి లేవని జవాబు వచ్చినచో వల నమ్మదగినది. ఉన్నవని జవాబు వచ్చినచో ఎవరో నడుమ మాట మార్చుచున్నారని అర్థము. ఉపాయము మంచిదే. కాని కోట్లకొలది బ్రౌజరులు ఇట్లు అడుగసాగినందున ఆ పనికిమాలిన ప్రశ్నలన్నియు మూల సర్వరులపై పడినవి. 2020లో వెలువడిన యొక పరిశీలన ప్రకారము, మూల సర్వరులకు చేరు ప్రశ్నలలో సుమారు సగము ఇట్టివే. ఆ యేడాది చివరన బ్రౌజరును సవరించిన పిదప ఆ భారము బాగుగా తగ్గినది. కొందఱు ఇంటర్నెట్ సంస్థలవారు ప్రకటనలపై గడించిన పైకమునకై లోకమంతయు చెల్లించిన సుంకము ఇది.

న్యాయముగా మాటాడవలెనన్న రెండవ ప్రక్కను గూడ వినవలెను. తమకు ఈ సేవ వద్దనువారు తప్పుకొనుటకు వీలు కల్పించితిమని పలు సంస్థలు చెప్పినవి. కాని తప్పుకొనవలెనన్న ముందు ఇట్టిదొకటి జరుగుచున్నదని తెలియవలెను గదా! అడుగకుండ చేర్చి, అడిగిన తొలగింతుమనుట మన్ననగల పద్ధతి కాదు. దీనికి భిన్నమైన ఉదాహరణమును కలదు. ఓపెన్ డి.ఎన్.ఎస్. అను సంస్థ పేర్ల సేవను ఉచితముగా ఇచ్చుచు, లేని పేరు అడిగినవారికి చాలకాలము ప్రకటనలతో గూడిన పుటను చూపెను. అయితే ఆ సేవను కోరి ఎన్నుకొన్నవారికే ఆ పుట కనబడినది. ఆ సంస్థయు 2014 జూన్‌లో ప్రకటనలను మానివేసినది. వాడుకదారు తెలిసి ఒప్పుకొన్నదానికిని, తెలియకుండ తలకెత్తిన దానికిని గల భేదమే ఈ వివాదములోని ధర్మసూక్ష్మము.

కాలక్రమమున ఈ వ్యాపారమునకు చోటు తగ్గినది. పేర్ల జవాబులపై సంతకము చేయు పద్ధతియొకటి అమలులోనికి వచ్చినది. దానిని డి.ఎన్.ఎస్.సెక్ అందురు. సంతకము గల పేటలలో 'ఉన్నది' అను జవాబునకే గాక 'లేదు' అను జవాబునకును సంతకముండును. నడుమ ఎవరైన మార్చినచో సంతకము కుదురదు. ఆ పద్ధతిని తన సర్వరులన్నిట నెలకొల్పిన కామ్‌కాస్ట్, రెండును కలసి ఇమడవని గ్రహించి, 2012 జనవరిలో తన మఱలింపు సేవను ఎత్తివేసినది. డాయిచె టెలికామ్ 2019 ఏప్రిల్‌లో మానుకొనినది. క్రొత్తగా సామాన్య పేటలను నెలకొల్పు సంస్థలతో ఐకాన్ వ్రాసికొను ఒప్పందములలో నక్షత్రపు గుర్తును నిషేధించిరి. బ్రౌజరులు గుప్తభాషలో నడచు మార్గమునే ముందుగా ఎంచుకొనుచున్నందున, నడుమ జొరబడు పుటకు బదులు హెచ్చరికయే కనబడుట నేడు పరిపాటియైనది.

ఇక మన ఇండ్లలో చేయదగిన పనులు. పరీక్ష సులభము. పొడవుగా అర్థము లేని అక్షరములు కొన్ని వ్రాసి, చివర 'కామ్' చేర్చి బ్రౌజరును అడుగుడు. సైటు దొరకలేదని బ్రౌజరే సూటిగా చెప్పినచో మీ వల సవ్యముగానున్నది. దానికి బదులు వెదకుడు పెట్టెయు, అంగళ్ళ లింకులును గల పుట తెఱచుకొన్నచో ఎవరో నడుమ మాట మార్చుచున్నారు. అప్పుడు మీ సంస్థవారిని అడిగి ఆ సేవను తొలగింపజేయవచ్చును. లేదా పేర్లను అడుగు సర్వరునే మార్చుకొనవచ్చును. 2009 డిసెంబరులో గూగుల్ వారు నెలకొల్పినది 8.8.8.8 అను అంకెతోను, 2017లో వచ్చిన క్వాడ్ నైన్ వారిది 9.9.9.9 అను అంకెతోను, 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్లౌడ్‌ఫ్లేర్ వారిది 1.1.1.1 అను అంకెతోను దొరకును. అయితే అట్లు మార్చిన పిదప మీరు ఏయే పేర్లు అడుగుచున్నారో ఆ క్రొత్తవారికి తెలియునని మఱవరాదు. ఎవరిని నమ్మవలెనో ఎంచుకొను హక్కు మీ చేతికి వచ్చుటయే ఇందలి లాభము.

ఇంకొక జాగ్రత్త. లేని పేరు వేఱు, ఉన్న మోసపు పేరు వేఱు. ప్రసిద్ధ సంస్థల పేర్లకు దగ్గరగా నుండు తప్పు స్పెల్లింగులను దుండగులు కొందఱు నిజముగానే కొని ఉంచుకొందురు. ఆ పేరు పట్టికలో నిజముగా నుండును గనుక ఏ సర్వరును 'లేదు' అని చెప్పదు. కావున బ్యాంకు చిరునామాను ప్రతిసారియు చేతితో వ్రాయుటకంటె, ఒకసారి అక్షరమక్షరము సరిచూచి బ్రౌజరులో గుర్తుపెట్టి యుంచుకొనుట మేలు. ఇంటిలోని పెద్దలకును పిల్లలకును ఈ మాట చెప్పుడు. డబ్బు పోయినచో మన దేశమున 1930 అను నంబరునకు ఆలస్యము చేయక ఫోను చేయవలెను.

నేడు 'భారత్' అను పేట పేరును తెలుగు లిపిలోనే వ్రాయు ఏర్పాటు కలదు. మన గుణింతములు, వత్తులు గల పేర్లు చిరునామాలుగా వాడుకకు వచ్చిన కొలదియు దీర్ఘము జారుటయు, ఒత్తు తప్పుటయు సహజము. అట్టి పేరు లేనిచో లేదని తెలుగుననే చెప్పగల బ్రౌజరులు నేడు మనకున్నవి. ఆ చిన్న మాట మన వఱకు మార్పులేక రావలెనన్నచో నడుమ నున్నవారందఱును దానిని గౌరవింపవలెను.

అంత్యనిష్ఠూరము కంటె ఆదినిష్ఠూరము మేలని మన పెద్దలు చెప్పుదురు. 'లేదు' అనుట ఆదినిష్ఠూరము; విన్నవానికి ఒక క్షణము చిన్నతనముగా తోచును, పిదప అతడు తన తప్పు తాను దిద్దుకొని దారిని పడును. ఉన్నదని నమ్మించి అంగడి వాకిట నిలుపుట అంత్యనిష్ఠూరమునకు దారి. దారి అడిగినవానికి తెలిసిన నిజమును చెప్పుట మన ఊళ్ళలో మర్యాద. చందా పుచ్చుకొని దారి చూపువారినుండి ఆ మాత్రము మర్యాదను కోరుట అత్యాశ కాదు.